నా వైపు మెట్టు

మా పికప్ బండికి ఎడమ పక్కనున్న మెట్టు మీద కాలు పెట్టేది ఇంట్లో నేనొక్కదాన్నే. మా ఆయన కుడి పక్క నుంచి స్టీరింగ్ పట్టుకుని ఒక్క ఊపులో లోపలికి ఎగిరేవాడు. మా మరిది ఎప్పుడూ వెనకాల గిన్నెల మధ్య నిలబడి వస్తాడు, వాడికి టైరు మీద కాలు వేస్తే చాలు. నేను పొట్టిదాన్ని, చీర కట్టుకున్నదాన్ని, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక గిన్నె పట్టుకున్నదాన్ని. కాబట్టి ఆ మెట్టు తుప్పు పట్టిందని ఇంట్లో చెప్పింది కూడా నేనొక్కదాన్నే. బండెక్కినప్పుడల్లా చెప్పాను. కాలు వేస్తే కిర్రుమంటోందని చెప్పాను, కిందికి వంగుతోందని చెప్పాను. చెప్పినప్పుడల్లా ఆయన నోట ఒకటే మాట వచ్చేది.

"దసరాకు పెయింట్ కొట్టిన గదనే. ఇంకేంది నీ లొల్లి?"

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మాది వంటల పని. హుస్సేనీ ఆలంలో గల్లీ చివర ఇల్లు, ఇంటి ముందు బండి. పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ పుట్టువెంట్రుకలకూ వండుతాం. వండుతాం అన్నాను గానీ, వండేది నేను. పక్కింటివాళ్ల అమ్మాయి శ్రీమంతానికి సాయం చేద్దామని వెళ్లి పప్పుచారు కాచాను. తిన్నవాళ్లు గిన్నె అడుగున ఉన్నది కూడా పోయించుకుని తాగారు. అక్కడ మొదలైంది ఈ పని. బండి వచ్చింది ఆ తరువాత, అదీ ఎవరో వాడి వదిలించుకున్న పాత బండి. బగారా అన్నంలో ఉప్పు చూసేది నేను, వంకాయ కూర దించమని కేకేసేది నేను. ఆయన బండి నడుపుతాడు, గిన్నెలు దింపిస్తాడు, వచ్చినవాళ్లతో మాట్లాడతాడు. జనం మాత్రం "అన్న వంట మస్తుంటది" అంటారు. అన్న చేతిలో గరిటెను నేను ఒక్కసారి కూడా చూడలేదు. సరే, అనుకోనీ అని ఊరుకున్నాను. ఆ బండిలో ఎడమ సీటు నాది, పొయ్యి దగ్గర చోటు నాది, నాకు అంతవరకు చాలు అనుకున్నాను.

ఇక దసరా సంగతి చెప్పాలి. చెప్పకపోతే నా కోపం ఎక్కడ పుట్టిందో అర్థం కాదు.

మా మామగారు ఉన్నప్పుడు ఒక నియమం పెట్టారు. దసరా నాడు ఇంట్లో ఏ ఇనుము మీదా జంగు కనపడకూడదు. మా వైపు తుప్పును జంగు అంటారు. కత్తిపీటలు, గరిటెలు, పొయ్యిలు, బండి, అన్నీ ఆ రోజు మెరవాలి, మెరిసిన తరువాతే బొట్టు పెట్టాలి. మంచి నియమమే. ఆయన బతికున్నన్నాళ్లు ఇసుక కాగితంతో గీకి గీకి మెరిపించేవారు, నేను చూశాను. ఆయన పోయాక కొడుకులకు నియమం గుర్తుంది, గీకడం మాత్రం గుర్తులేదు. కనపడకూడదు అన్నారు కదా, కనపడకుండా చేస్తే సరిపోతుంది అనుకున్నారు. దసరా పొద్దున్నే మా ఆయన నల్ల పెయింట్ డబ్బా తెరిచి, తుప్పు మీదే బ్రష్ ఆడించేసేవాడు. అది ఆరీ ఆరకముందే పసుపు, కుంకుమ, బంతిపూల దండ. గుమ్మడికాయ కొట్టి, బండి ముందు నిలబడి ఫోటో దిగేవాడు. ఒక ఏడాది నలుపు దొరక్క వెండి రంగు కొట్టాడు. ఇంకో ఏడాది ఎవరింటి గేటుకో కొట్టగా మిగిలిన ఎరుపు. పైన పటారం, లోన లొటారం అంటారే, అది మా బండి మెట్టును చూసే పుట్టిందేమో అనిపిస్తుంది.

ఆ పెయింట్ మీద కాలు వేసి వేసి, ఒకనాడు జల్‌పల్లిలో పడ్డాను.

కొత్త కాలనీలో గృహప్రవేశం. చిన్న ప్లాటు, ఇంటి ముందు ఇంకా కంకర కుప్పలు అలాగే ఉన్నాయి. పులిహోరకు చింతపండు పులుసు, పోపు ఇంట్లోనే తయారుచేసుకుని, గిన్నె ఒళ్లో పెట్టుకుని వచ్చాను. బండి ఆగింది. మా ఆయన అప్పటికే దిగి ఇంటివాళ్లకు నమస్కారాలు పెడుతున్నాడు. నేను గిన్నె రెండు చేతులా పట్టుకుని, మెట్టు మీద కాలు మోపాను. కిర్రుమనలేదు, వంగలేదు. విరిగిపోయింది. కాలు మెట్టులోంచి కిందికి దిగిపోయింది, విరిగిన రేకు పిక్కను పైనుంచి కిందదాకా చీల్చింది. నేను కంకరలో కూలబడ్డాను. గిన్నె మాత్రం ఒలకనివ్వలేదు. చేతులు పైకెత్తి అలాగే పట్టుకున్నాను.

మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. వచ్చి ముందు గిన్నెలోకి చూశాడు.

"ఒలికిందా?" అన్నాడు.

నా కాలి మీద నెత్తురు కారుతోంది, చీర కుచ్చిళ్లు తడుస్తున్నాయి. ఆ మనిషి గిన్నెలోకి చూసి ఒలికిందా అని అడిగాడు. ఎద్దు పుండు నొప్పి కాకికేం తెలుసు అంటారు గానీ, కాకికి తెలియకపోతే తప్పులేదు. ఈయన నాతో కాపురం చేస్తున్న మనిషి. ఆ గిన్నె ఆయన నెత్తిన బోర్లించాలని నా చేతులు ఎంత కొట్టుకున్నాయో నాకే తెలుసు. ఆ ఇంటావిడ పసుపు తెచ్చి గాయానికి అద్దింది, పాత టవల్ చింపి కట్టింది. నేను లేచి పొయ్యి ముట్టించాను. కోపంలో వండినా అన్నం మీద కోపం చూపించకూడదని మా అమ్మ చెప్పేది. చూపించలేదు. ఆ రోజు కూడా అందరూ వంట బాగుందన్నారు, అన్నకే చెప్పారు. సాయంత్రం సూది వేయించుకుని, కుట్లు వేయించుకుని ఇంటికి చేరాను.

మరునాడు బండిని మెట్టు వేయించడానికి తీసుకెళ్తాడనుకున్నాను. మంచం మీద కాలు చాపుకుని కూర్చున్నాను, ఎదురుగా మా ఆయన, మరిది నేల మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు. నేను వినాలనే గట్టిగా మాట్లాడుకుంటున్నారు.

"కాలు గిట్లయింది గద, ఇగ గామె ఇంట్లనే ఉంటే మంచిగుంటది" అన్నాడు మా ఆయన. "వంటకు నీ పెండ్లాం వస్తది. ఆమె ఎత్తు మనిషి, మెట్టు లేకున్నా ఎక్కుతది."

విన్నారా? మెట్టు మార్చరట, నన్ను మారుస్తారట. కుళ్లిన ఇనుప రేకు అలాగే ఉంటుంది, దాని మీద నిలబడి ఇన్నాళ్లు వంట మోసిన మనిషి దిగిపోవాలి. ఎత్తుగా ఉన్న ఆడమనిషి దొరికితే చాలు, బండికి మరమ్మతు అయిపోయినట్టే.

నా తోడికోడలు వంటింట్లోంచి తల బయటపెట్టింది. "బావా, నాకు ఇంట్ల నలుగురికి వండుడే సక్కగ రాదు. గంత మందికి నేను వండితే మనల్ని తంతరు" అంది.

"నేర్చుకుంటవ్ తియ్" అన్నాడు ఆయన.

అప్పుడు లేచాను. కుట్లు లాగాయి, అయినా లేచాను. నా గరిటె, పొడుగు పిడిది, గోడకు ఆనించి ఉంటుంది. దాన్ని తీసి మంచం మీద నా పక్కన పడుకోబెట్టాను.

"ఇది నాది" అన్నాను. "ఆ సీట్ల ఇంకెవరన్న కూసున్ననాడు ఇది ఇంట్లకెళ్లి బయటికి రాదు. బయట అన్న వంట అన్న వంట అంటున్నరు గద, నువ్వే వండు. నేను గూడ వచ్చి తింట."

మరిది చాయ్ గ్లాసు కింద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. మా ఆయన కాసేపు గొణిగాడు, కాసేపు అరిచాడు. ఆడదానికి గింత కోపం మంచిది కాదన్నాడు. మంచిది కాదని నాకూ తెలుసు, కానీ నాకు చేతనైన మంచి అంతా అప్పటికి అయిపోయింది. కుట్లు విప్పే వారంలోనే ఇంకో పెద్ద వంట ఒప్పుకుని ఉన్నాడు. అది ఆయనకు గుర్తొచ్చినట్టుంది. కుట్లు విప్పించుకుని వస్తుంటే, "కిషన్‌బాగ్ తీస్కపోయి మెట్టు ఏపిస్త తియ్" అన్నాడు. "నువ్వెందుకు, నేను పోయొస్త" అని కూడా అన్నాడు. నేను వస్తానన్నాను. కుర్చీ వేయించుకుని, దాని మీద నుంచి బండెక్కాను.

కిషన్‌బాగ్‌లో మా బండి చూసే మెకానిక్ భాయ్ షెడ్ ఒక ఇరుకు గల్లీలో ఉంది. గల్లీ నిండా మగవాళ్లు, విప్పిన ఇంజన్లు, నూనె మరకలు. నేను దిగగానే భాయ్ నా వైపు చూడకుండా మా ఆయనతో అన్నాడు, "భాభీ కో ఊపర్ భేజ్‌దో భాయ్, ఘర్‌వాలీ హై ఊపర్." షెడ్ పైనే వాళ్ల ఇల్లు. ఆడవాళ్లు గల్లీలో నిలబడితే బాగుండదని ఆయన మర్యాద. మెట్టు వేయించుకోవడానికి వచ్చినదాన్ని మేడ మెట్లెక్కి పైన కూర్చున్నాను. వాళ్లావిడ నీళ్లిచ్చింది, నా కాలి కట్టు చూసి అయ్యో అంది. ఇద్దరం బాల్కనీలో పరదా పక్కకు జరిపి కిందికి చూస్తూ కూర్చున్నాం.

రెండు పక్కలా పాత మెట్లు ఊడిరాలేదు. బోల్టులకు కిరసనాయిలు పోశారు, సుత్తితో కొట్టారు, పాన మీదికెక్కి తొక్కారు, లాభం లేకపోయింది. చివరికి గ్యాస్ మంటతో కోసి దించారు. నేలకు తగలగానే నా వైపు మెట్టు మీది రంగు పెంకులు పెంకులుగా రాలింది. నలుపు, దాని కింద ఎరుపు, దాని కింద వెండి, మళ్లీ నలుపు. మా ఇంటి దసరాలన్నీ వరసగా కనిపించాయి. ఆ పెంకులు పోయాక ఇనుమంటూ పెద్దగా మిగల్లేదు. నన్ను ఇన్నాళ్లు మోసింది పెయింటే.

భాయ్ మెట్టును తిరగేశాడు. లోపలి నుంచి గోధుమ రంగు నీళ్లు బొళబొళా కారాయి. మెట్టు అడుగున నీళ్లు పోవడానికి కంపెనీవాళ్లు చిన్న రంధ్రాలు పెట్టారట. వాటి నిండా ఎండిన పెయింట్, పసుపు ముద్దలు. ప్రతి దసరాకూ కడిగిన నీళ్లు, మేము ఒలకబోసిన పులుసులు, వానలు, అన్నీ లోపలే నిలిచి లోపలి నుంచే తినేశాయి.

"క్యా కరే భాయ్ ఇస్కో?" అన్నాడు మెకానిక్, ఒక సూదితో ఆ పసుపు ముద్దను పొడుస్తూ. "పానీ జానే కా రాస్తా బంద్ కర్‌దియే."

"పూజ చేసినం భాయ్" అన్నాడు మా ఆయన.

పైన నాకు నవ్వు రాలేదు. గిన్నెలో చుక్క నీళ్లు ఉంచి బోర్లించకుండా వదిలితే మరునాటికి మరక పడుతుందని నేను చెప్తే వినే మనుషులే వీళ్లు. బండి దగ్గరికొచ్చేసరికి ఆ తెలివంతా ఏ మూసీలో కలిసింది?

అసలు మంట ఇంకా ముందుంది. కొత్త మెట్టుకు కొలత తీయాలి. భాయ్ సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాడు. ఎడమ తలుపు దగ్గర మా ఆయన్ని నిలబెట్టి, కాలెత్తమన్నాడు. మా ఆయన కాలు ఎత్తాడు. ఆరడుగుల మనిషి, ప్యాంటు వేసుకున్న మనిషి, చేతిలో ఏమీ లేని మనిషి, ఎప్పుడూ ఆ వైపు నుంచి ఎక్కని మనిషి, హాయిగా మోకాలు ఎత్తి చూపించాడు. ఆ పాదం కింద భాయ్ తలుపు మీద గీత గీస్తున్నాడు. నా మెట్టుకు!

మేడ మెట్లు ఎలా దిగానో నాకు గుర్తులేదు. నా వెనక వాళ్లావిడ "భాభీ, భాభీ" అంటూ ఉంది. గల్లీలోకి వచ్చి, మా ఆయన్ని భుజం పట్టుకుని పక్కకు జరిపాను.

"ఎవరెక్కుతరు ఇటుకెళ్లి? నువ్వెక్కుతవా? నన్ను పైన కూసోబెట్టి నీ కాలు కొలిపిస్తవా?"

"అరె, అందరు చూస్తున్నరే" అన్నాడు ఆయన.

"చూడని! జల్‌పల్లిల గూడ చూసిన్రు, నేను కంకర్ల పడ్డప్పుడు."

గల్లీలో సుత్తుల చప్పుడు ఆగిపోయింది. నేను ఎడమ తలుపు దగ్గర నిలబడ్డాను. గిన్నె పట్టుకున్నట్టు రెండు చేతులూ ముందుకు పెట్టుకున్నాను, కాలు నాకు ఎంత లేస్తే అంతే ఎత్తాను. ఇప్పుడు గీత గీయాల్సింది భాయ్. ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పరాయి ఆడమనిషి పాదం దగ్గర వంగి చూడటం ఆయన వల్ల కాదు. అటు తిరిగే, చెయ్యి వెనక్కి చాపి సుద్దముక్క నాకందించాడు.

"ఆప్ హీ నిషాన్ లగాలో భాభీ" అన్నాడు.

ఆ మర్యాద మీద కూడా నాకు కోపమే వచ్చింది. నన్ను చూడటం తప్పయినప్పుడు నా కొలత ఇంకొకరి కాలితో తీయడం తప్పు కాదా? కానీ సుద్దముక్క నా చేతికి వచ్చింది. మా ఆయన గీత కింద, జానెడు కిందికి, గట్టిగా గీశాను. పైనుంచి వాళ్లావిడ పరదాలోంచి తల బయటపెట్టి అరిచింది, "ఔర్ నీచే, భాభీ! గంజు పట్కొని ఎక్కాలె గదా, ఇంకా కిందికి!"

ఆమె మాట విని, ఇంకొంచెం కిందికి ఇంకో గీత గీశాను.

"గంత కిందికి పెడితే స్పీడ్ బ్రేకర్లకు తగుల్తది" అన్నాడు మా ఆయన.

"తగలకుంట మెల్లగ నడుపు."

"చూసేటోళ్లకు బాగుండదు."

"చూసేటోళ్లు ఎక్కరు."

భాయ్ మా ఇద్దరి మధ్యకు రాకుండా గొట్టాలు కోసుకున్నాడు. కాలు జారకుండా గళ్ల రేకు పెట్టమన్నాను, నీళ్లు పోయే రంధ్రాలు పెద్దవి పెట్టమన్నాను, పలుచటి తలుపు రేకుకు కాకుండా కింద ఛాసిస్‌కు బిగించమన్నాను. ఆఖరిది భాయ్ ఎలాగూ చేసేవాడే, అయినా చెప్పాను. కుడి వైపు మెట్టు సంగతి వచ్చేసరికి, నా మాటలు పడ్డ మా ఆయనకు అక్కడ పౌరుషం పొడుచుకొచ్చింది.

"మేరేకు నక్కో భాయ్. నాకెందుకు మెట్టు? నేనేమన్న ముసలోణ్ణా, ఆడిదాన్నా?" అన్నాడు.

గల్లీలో ఒకరిద్దరు నవ్వారు. కుడి వైపు ఖాళీగానే వదిలేశారు. ఆ మాట నేను దాచుకున్నాను. సాయంత్రానికి ఎడమ వైపు మెట్టు బిగిసింది. కుర్చీ లేకుండా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి నా సీట్లో కూర్చున్నాను. ఆ వారం పెద్ద వంట నేనే వండాను.

తరువాత దసరాకు ఆయన మళ్లీ పెయింట్ డబ్బా పట్టుకొచ్చాడు. నిజంగా తెచ్చాడు, బ్రష్‌తో సహా. నేను మెట్టు మీద కూర్చున్నాను.

"కడుగు. గీకు. తుడువు. బొట్టు పెట్టు. డబ్బా మూత తీసినవంటే ఈ పండుగకు ఇంట్ల పొయ్యి వెలగది" అన్నాను. మామగారి ఇసుక కాగితం ముక్క ఒకటి అటక మీద దొరికింది, అది చేతికిచ్చాను. గొణుక్కుంటూనే గీకాడు. పసుపు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో నేను చూపించాను.

నా కోపం తగ్గిందా అని మా తోడికోడలు అడుగుతుంది. ఎందుకు తగ్గుతుంది? పిక్క మీద మచ్చ ఉంది. రోజూ స్నానం చేసేటప్పుడు కనపడుతుంది. కనపడినప్పుడల్లా "ఒలికిందా?" అని వినపడుతుంది.

ఈ మధ్య ఆయన ఒక్క ఊపులో ఎక్కడం మానేశాడు. రెండు ఊపులు, మూడు ఊపులు పడుతున్నాయి. సీటు ఎత్తయిందంటాడు, స్టీరింగ్ జారుతోందంటాడు. మోకాలి పేరు మాత్రం ఎత్తడు. నొప్పుల నూనె సీసా దిండు కింద పెట్టుకుంటున్నాడు, వాసన నాకు రాదనుకుంటున్నాడు. నేను అడగలేదు. అడిగేదాన్నే, నా కాలు గురించి ఆయన ఒక్కసారి అడిగి ఉంటే.

మొన్న పొద్దున జల్‌పల్లికే ఇంకో వంటకు బయల్దేరుతున్నాం. మరిది గిన్నెలు ఎక్కించి వెనక నిలబడ్డాడు. నేను పోపు గిన్నె పట్టుకుని ఇంట్లోంచి వచ్చేసరికి ఎడమ తలుపు తెరిచి ఉంది. మా ఆయన నా మెట్టు మీద నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి మోకాలి మీద. అటు నుంచి ఎక్కి, గేర్ రాడ్ దాటి తన సీట్లోకి జరుగుదామని చూస్తున్నాడు. ఇదే మొదటిసారి కాదని ఆ జరగడం చూస్తేనే తెలిసిపోయింది.

"ఇటుకెళ్లి ఎక్కుతున్నవేంది?" అన్నాను.

"గా పక్క బురద ఉందే" అన్నాడు.

కుడి పక్క నేల ఎండి దుమ్ము లేస్తోంది.

"దిగు" అన్నాను.

"ఆలస్యమైతుంది, ఎక్కనీ."

"దిగు. మోకాలు నొస్తుంది, నాకు గూడ మెట్టు కావాలె అని నోరు తెరిచి చెప్పు. చెప్పి ఎక్కు."

దిగాడు. దిగుతుంటే మొహం నొప్పితో ముడుచుకుంది. తల తిప్పి వెనక తమ్ముడి వైపు చూశాడు. మరిది చూపు గిన్నెల మూతల మీదే ఉంది, అయినా వింటున్నాడని ముగ్గురికీ తెలుసు. మా ఆయన నేల వైపు చూస్తూ, పెదవులు కదిలీ కదలనట్టు, ఆ మాట అన్నాడు.

నాకు వినపడింది. అయినా గిన్నె చంకన పెట్టుకుని, మెట్టుకు అడ్డంగా నిలబడి, "వినవడలే" అన్నాను.